శుభ్రపరచడానికి పిస్టల్‌ను విప్పి మళ్లీ కూర్చడం: గ్లాక్ 19 కోసం సమగ్ర మార్గదర్శి

అమెరికాలో స్థిరపడి, అక్కడి చట్టప్రకారం తొలి పిస్టల్ కొనుక్కున్న తెలుగువారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "కాల్చి ఇంటికి తెచ్చాను, తుడుద్దామంటే స్లైడ్ ఊడి రావడం లేదు, ఏం చేయాలి?" దీనికి జవాబు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు గానీ, ఆ వాక్యాన్ని చెప్పే ముందు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అందుకే మొత్తం పనిని మొదటి నుంచి చివరి వరకు ఒక క్రమంలో రాస్తున్నాను.

ఇక్కడి వివరాలన్నీ 9 ఎం.ఎం. గ్లాక్ 19కి సంబంధించినవి. గ్లాక్ 17కూ ఇదే క్రమం వర్తిస్తుంది. భారతదేశంలో 9 ఎం.ఎం. పిస్టల్ సాధారణ పౌరుల లైసెన్సుపై లభించదు. అక్కడ .32 పిస్టల్‌కు లైసెన్సు ఉన్నవారు ఇందులో నుంచి ఖాళీ చేసే పద్ధతిని, శుభ్రత గురించిన జాగ్రత్తలను మాత్రం తీసుకుని, విప్పే క్రమానికి తమ పిస్టల్‌తో వచ్చిన పుస్తకాన్నే అనుసరించాలి.

## 1. గ్లాక్‌ను విప్పే ముందు ట్రిగ్గర్ నొక్కక తప్పదు

కొన్ని పిస్టళ్లలో ఒక మీటను తిప్పితే చాలు, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే ఇనుప భాగం) వచ్చేస్తుంది. గ్లాక్ అలా కాదు. ట్రిగ్గర్‌ను ఒకసారి పూర్తిగా నొక్కి, అది వెనక్కి వెళ్లి నిలిచిన తరువాతనే స్లైడ్ ముందుకు జారి ఊడుతుంది. పైన చెప్పిన ప్రశ్నకు ఒక్క వాక్యపు జవాబు ఇదే.

అయితే ఛాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే గొట్టపు వెనుక కొసలో, తూటా ఉండగా అదే పని చేస్తే అది పేలుతుంది. "ఖాళీయే అనుకున్నాను" అన్న మాటతో మొదలయ్యే ప్రమాదాలు ఈ అడుగు దగ్గరే జరుగుతాయి. విప్పడానికి అర నిమిషం చాలు. దానికి ముందు ఖాళీ చేసి చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టినా తొందరపడవద్దు. మూడవ అంచెను పొడవుగా రాయడానికి కారణం ఇదే.

## 2. చోటు, సామగ్రి

వంటింటి బల్ల మీద ఈ పని చేయవద్దు. తూటా వెనుక ఉండి దానిని పేల్చే నిప్పు పుట్టించే ప్రైమర్‌లో సాధారణంగా సీసపు సమ్మేళనం ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ దాని అవశేషాలు మసిలో కలిసి పిస్టల్ లోపల పేరుకుంటాయి. అన్నం తినే చోట ఆ మసిని దులపకూడదు. గాలి ఆడే గది గానీ, తలుపు తెరిచిన గ్యారేజీ గానీ అనువైన చోటు. పిల్లలు ఆ వైపు రాకుండా ముందే చూసుకోవాలి.

సిద్ధంగా ఉంచుకోవలసినవి:

- నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు
- 9 ఎం.ఎం. కొలతకు సరిపోయే కంచు లేదా నైలాన్ బ్రష్, దానిని తగిలించే కడ్డీ
- నూలుగుడ్డ ముక్కలు (పాత బనియన్ గుడ్డ బాగా పనికొస్తుంది)
- మసిని కరిగించే సాల్వెంట్, తుపాకుల కోసం తయారైన నూనె
- పాత టూత్ బ్రష్, దూది పుల్లలు
- చిన్న టార్చి
- బల్ల మీద పరచడానికి లేత రంగు పాత తువ్వాలు (చిన్న భాగం ఏదైనా జారిపడితే కనబడటానికి)

ఉక్కు తీగల బ్రష్ వాడవద్దు. అది బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) లోపలి గాడులను గీరేస్తుంది.

ఇంకొక వస్తువును చాలామంది సమకూర్చుకోరు. ట్రిగ్గర్ నొక్కే సమయంలో మూతిని ఏ వైపు తిప్పాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. అమెరికాలోని ఇళ్లలో చాలావాటికి లోపలి గోడలు కర్ర చట్రం మీద బిగించిన జిప్సం పలకలే. 9 ఎం.ఎం. తూటాను అవి ఆపలేవు, పక్క గదిలోకి దారి ఇస్తాయి. మన ఊళ్లలోని ఇటుక గోడలు కళ్లలో మెదులుతూ ఉంటే ఈ సంగతి తోచదు. అపార్టుమెంటులో ఉండేవారికి పైకప్పు, నేల కూడా సురక్షితమైన వైపులు కావు. ఐదు గాలన్ల బకెట్‌ను పొడి ఇసుకతో నింపి బల్ల పక్కన ఉంచుకుంటే ఖర్చు తక్కువ, నిశ్చింత ఎక్కువ. మూతిని ఆ ఇసుక వైపు నిటారుగా ఉంచి ట్రిగ్గర్ నొక్కవచ్చు.

## 3. ఖాళీ చేయడం

ఈ అంచె మొత్తం పూర్తయ్యే వరకు వేలు ట్రిగ్గర్ మీద కాకుండా ఫ్రేమ్ (పిడితో కూడిన కింది భాగం) పక్కన చాపి ఉండాలి. మూతి ఇసుక బకెట్ వైపే ఉండాలి.

3.1 ముందు మ్యాగజైన్ (పిడిలో దూరే తూటాల పెట్టె). మ్యాగజైన్ విడుదల బొత్తామును నొక్కి, మ్యాగజైన్‌ను పూర్తిగా బయటికి తీసి పక్కన పెట్టాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు. మ్యాగజైన్ లోపల ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లో ఉన్న తూటా బయటికి ఎగిరిపడుతుంది, స్లైడ్ తిరిగి ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లోని మరో తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది. ఆ తరువాత మ్యాగజైన్ తీసినా లోపల ఒక తూటా మిగిలే ఉంటుంది. ఒక తూటా బయటికి రావడం కళ్లారా చూశారు కనుక ఖాళీ అయిందనే మనసు నమ్ముతుంది.

3.2 తరువాత స్లైడ్. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, ఎడమవైపు ఉన్న స్లైడ్ స్టాప్ మీటను బొటనవేలితో పైకి నెట్టి, స్లైడ్‌ను తెరిచిన స్థితిలో నిలపాలి. ఛాంబర్‌లో తూటా ఉంటే అది ఎగిరి కిందపడుతుంది, పడనివ్వండి. దానిని పట్టుకోవాలని స్లైడ్ కిటికీ (తూటా బయటికి వచ్చే సందు) మీద అరచేయి అడ్డుపెట్టడం కొందరికి అలవాటు, కానీ తూటా అక్కడ ఇరుక్కుని దాని ప్రైమర్ లోపలి ఇనుప మొనకు తగిలితే చేతిలోనే పేలవచ్చు.

3.3 కంటితో చూడటం. టార్చి వేసి ఛాంబర్ లోపలికి చూడాలి. మ్యాగజైన్ దూరే ఖాళీలోకి కూడా చూడాలి. అవతలి వైపు వెలుతురు కనబడాలి.

3.4 వేలితో తాకడం. చిటికెన వేలిని ఛాంబర్‌లోకి పెట్టి, అది ఖాళీ రంధ్రమేనని స్పర్శతో నిర్ధారించుకోవాలి. కన్ను అలవాటుకొద్దీ మోసపోతుంది కానీ వేలు అంత తొందరగా మోసపోదు.

3.5 మళ్లీ ఒకసారి. చూపు పక్కకు తిప్పి, ఒక్క క్షణం ఆగి, 3.3, 3.4 అడుగులను తిరిగి చేయాలి. ఎక్స్‌ట్రాక్టర్ (ఛాంబర్ నుంచి తూటాను బయటికి లాగే గోరు) కొద్దిగా బయటికి పొడుచుకు వస్తే ఛాంబర్‌లో తూటా ఉన్నట్టు గుర్తు అని అంటారు. అది నిజమే గానీ, దానిని నమ్ముకుని లోపలికి చూడటం మానకూడదు.

3.6 తూటాలు గది దాటాలి. మ్యాగజైన్‌లోని తూటాలు, కింద పడినది, పెట్టెలో ఉన్నవి అన్నింటినీ ఏరి వేరే గదిలో పెట్టి రావాలి. పని జరిగే బల్ల మీద ఒక్క తూటా కూడా ఉండకూడదు. మధ్యలో ఫోను వచ్చి లేచి వెళ్లవలసి వస్తే, తిరిగి వచ్చాక 3.1 నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. విసుగ్గా తోచినా దీనికి మినహాయింపు లేదు.

## 4. విప్పడం

4.1 స్లైడ్‌ను కొంచెం వెనక్కి లాగి వదిలి, ముందుకు వెళ్లనివ్వాలి.

4.2 మూతిని ఇసుక బకెట్ వైపు ఉంచి, ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కాలి. 'టిక్' మని వినిపించి, వేలు తీసినా ట్రిగ్గర్ వెనకే నిలిచి ఉంటుంది.

4.3 కుడిచేతి నాలుగు వేళ్లను స్లైడ్ పైనుంచి చుట్టి, బొటనవేలిని పిడి వెనుక ఆనించి, స్లైడ్‌ను వెనక్కి దాదాపు 3 మిల్లీమీటర్లు మాత్రమే లాగాలి.

4.4 స్లైడ్‌ను అలాగే పట్టుకుని, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేళ్లతో ఫ్రేమ్‌కు రెండు పక్కలా ఉండే స్లైడ్ లాక్ కొసలను ఒకేసారి కిందికి లాగాలి. ఇవి ట్రిగ్గర్‌కు కాస్త పైన, గీతలు ఉన్న రెండు చిన్న కొసలు.

4.5 కొసలను కిందికి పట్టుకునే ఉంచి, స్లైడ్‌ను ముందుకు నెట్టాలి. బ్యారెల్, స్ప్రింగ్‌లతో సహా స్లైడ్ ఫ్రేమ్ నుంచి జారి వచ్చేస్తుంది.

4.6 స్లైడ్‌ను తలకిందులుగా పట్టుకుని, బ్యారెల్ కింద ఉండే రికాయిల్ స్ప్రింగ్‌ను కొద్దిగా మూతి వైపు నొక్కి పైకి ఎత్తి తీయాలి. అది ఒత్తిడిలో ఉంటుంది కనుక ముఖానికి దూరంగా పట్టుకోవాలి.

4.7 బ్యారెల్‌ను వెనుక భాగం నుంచి ఎత్తి, కొద్దిగా ముందుకు జరిపి, వెనక్కి లాగి బయటికి తీయాలి.

ఇప్పుడు బల్ల మీద నాలుగు భాగాలు ఉండాలి: ఫ్రేమ్, స్లైడ్, బ్యారెల్, రికాయిల్ స్ప్రింగ్. ఇక్కడితో ఆగాలి. ఫ్రేమ్‌లోని పిన్నులను కొట్టి ట్రిగ్గర్ అమరికను విప్పడం, స్లైడ్ వెనుక పలక తీసి ఫైరింగ్ పిన్‌ను (ప్రైమర్‌ను కొట్టే సూది) బయటికి లాగడం వంటివి నిత్య శుభ్రతలో భాగం కావు. అవి శిక్షణ పొందిన ఆయుధ నిపుణుడి పనులు. ఎవరో చేయగా వీడియోలో చూశామని పూనుకుంటే చివరికి ఒక చిన్న స్ప్రింగ్ ఎక్కడిదో తెలియక చేతిలో మిగులుతుంది.

## 5. స్లైడ్ ఊడి రాకపోతే

నాకు ఎదురైన సందేహాలన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటిగా తేలాయి.

స్లైడ్‌ను ఎక్కువ లాగడం. 4.3లో 3 మిల్లీమీటర్లకు బదులు వేలెడంత లాగితే ట్రిగ్గర్ మళ్లీ ముందుకు వచ్చేస్తుంది. అప్పుడు ఎంత బలంగా నెట్టినా స్లైడ్ రాదు. ట్రిగ్గర్ ముందుకు వచ్చి ఉంటే మూడవ అంచెకు తిరిగి వెళ్లి, ఛాంబర్‌ను మళ్లీ చూసి, ఆ తరువాతనే ట్రిగ్గర్ నొక్కాలి. "ఇప్పుడేగా చూశాను" అని ఆ అడుగును దాటవేయవద్దు.

లాగకుండానే నెట్టడం. స్లైడ్‌ను కొద్దిగా వెనక్కి లాగకపోతే స్లైడ్ లాక్ మీద బరువు పడి, కొసలు కిందికి దిగవు. గోళ్లు నొప్పి పుడుతున్నాయంటే కారణం ఇదే.

రెండు మీటలను ఒకటిగా భావించడం. 3.2లో పైకి నెట్టిన స్లైడ్ స్టాప్ వేరు, 4.4లో కిందికి లాగే స్లైడ్ లాక్ వేరు. మొదటిది ఫ్రేమ్ ఎడమ పక్కన, ఐదవ తరం గ్లాక్‌లో రెండు పక్కలా కనబడే పొడవాటి మీట. రెండవది రెండు వైపులా కొసలు తేలిన చిన్న అడ్డుపట్టీ. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వచ్చే తికమక ఇది.

పనిముట్లతో పొడిచి గానీ, సుత్తితో తట్టి గానీ స్లైడ్‌ను తీయవలసిన అవసరం ఎన్నడూ రాదు.

## 6. శుభ్రపరచడం

6.1 బ్యారెల్. సాల్వెంట్‌లో తడిపిన గుడ్డ ముక్కను ఛాంబర్ వైపు నుంచి దూర్చి మూతి వైపు బయటికి తీయాలి. కొద్ది నిమిషాలు నాననిచ్చి, బ్రష్‌ను అదే దిశలో ఐదారుసార్లు నడపాలి. బ్రష్ మూతి దాటి పూర్తిగా బయటికి వచ్చాకనే వెనక్కి లాగాలి. మధ్యలో దిశ మారిస్తే బ్రష్ పళ్లు వంగిపోతాయి. తరువాత పొడి గుడ్డ ముక్కలను ఒకదాని తరువాత ఒకటి పంపి, చివరి ముక్క దాదాపు తెల్లగా వచ్చే వరకు తుడవాలి. అచ్చంగా తెల్లగా రావాలని గంటసేపు కూర్చోవలసిన పని లేదు.

అమోనియా ఉన్న సాల్వెంట్‌ను ఎక్కువసేపు లోపల వదిలేయకూడదు. దాని డబ్బా మీద రాసిన సమయాన్ని పాటించాలి.

6.2 స్లైడ్. తూటా వెనుక భాగం ఆనే చదునైన ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద మసి ఎక్కువగా చేరుతుంది. గోరు కింద మసి గట్టిపడితే పేలిన తూటా గుల్ల సరిగా బయటికి రాదు. అక్కడ టూత్ బ్రష్‌తో రుద్దేటప్పుడు స్లైడ్ మూతి భాగాన్ని కిందికి వంచి పట్టుకోవాలి. ఆ ముఖం మధ్యలో ఫైరింగ్ పిన్ వచ్చే చిన్న రంధ్రం ఉంటుంది. సాల్వెంట్ అందులోకి కారితే లోపలి మసితో కలిసి బంకగా మారి, పిన్ వేగాన్ని తగ్గిస్తుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవచ్చు. బ్రష్‌ను తడపవచ్చు గానీ, స్లైడ్ మీద సాల్వెంట్ పోయకూడదు.

కొత్త గ్లాక్ స్లైడ్ లోపల రాగి రంగులో గ్రీజు లాంటి పూత కనబడుతుంది. అది మురికి కాదు, తయారీదారు వేసిన కందెన. దానిని గీకి తీయకుండా వదిలేయాలి.

6.3 ఫ్రేమ్. పొడి టూత్ బ్రష్‌తో దులిపి, గుడ్డతో తుడిస్తే చాలు. స్లైడ్ జారే నాలుగు ఇనుప పట్టీల చుట్టూ దూది పుల్ల తిప్పాలి. స్లైడ్ లేనప్పుడు ట్రిగ్గర్‌ను ఊరికే ముందుకూ వెనక్కూ కదపవద్దు, వెనక ఉన్నది వెనకే ఉండనివ్వాలి.

దసరా ఆయుధ పూజ నాడు పిస్టల్‌కు పసుపు కుంకుమలు అద్దే ఇళ్లు అమెరికాలోనూ ఉన్నాయి. అద్దదలచినవారు ఖాళీ చేసిన పిస్టల్ పైభాగానికి గంధం బొట్టు పెట్టి ఊరుకోవడం మంచిది. అక్షింతలు చల్లితే ఒకటి రెండు గింజలు స్లైడ్ కిటికీలోకో, మ్యాగజైన్ ఖాళీలోకో చేరతాయి. పసుపు పొడి నూనెతో కలిసి ముద్ద కడుతుంది. పూజ అయిన మర్నాడు విప్పి తుడవడం కూడా ఆ పండుగ పనిలో భాగంగానే పెట్టుకోవాలి.

6.4 రికాయిల్ స్ప్రింగ్, మ్యాగజైన్. రెండింటినీ పొడి గుడ్డతో తుడవాలి. మ్యాగజైన్ లోపల నూనె వేయకూడదు. నూనె దుమ్మును పట్టుకుంటుంది, తూటా ప్రైమర్‌లోకి ఇంకితే దానిని పాడుచేయగలదు.

## 7. నూనె ఎంత, ఎక్కడ

ఎక్కువమంది చేసే తప్పు తక్కువ వేయడం కాదు, ఎక్కువ వేయడం. మన ఇళ్లలో కుట్టుమిషనుకు నూనె పోసిన చేతులు ఇక్కడా అలాగే పోస్తాయి. మొత్తం పిస్టల్‌కు ఐదారు చుక్కలకు మించి అక్కర లేదు.

- బ్యారెల్ బయటి వైపు, మూతి దగ్గర, ఛాంబర్ పైభాగాన: నూనె అంటిన గుడ్డతో ఒక పూత
- మూతి దూరే స్లైడ్ ముందు రంధ్రం లోపలి అంచు: అదే గుడ్డతో ఒక పూత
- స్లైడ్‌కు రెండు పక్కలా ఉన్న గాడులు: ఒక్కోదానికి ఒక చుక్క, వేలితో పొడవునా రాయాలి
- ఫ్రేమ్ కుడివైపు వెనుక మూలన ట్రిగ్గర్ కడ్డీ, కనెక్టర్ అనే సన్నని పలక ఒకదానికొకటి రాసుకునే చోటు: ఒక చుక్క

చివరిది అన్నింటికన్నా ముఖ్యమైనది, చాలామంది మరచిపోయేది కూడా అదే. అక్కడ పొడిబారితే ఆ రెండు భాగాలు ఒకదానినొకటి అరగదీసుకుంటాయి.

నూనె తగలకూడని చోట్లు: బ్యారెల్ లోపలి భాగం, తూటా ఆనే ముఖం, ఫైరింగ్ పిన్ రంధ్రం, మ్యాగజైన్.

కొబ్బరినూనె వాడవచ్చునా అని అడిగేవారున్నారు. అది సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది, చలికాలంలో స్లైడ్ కదలిక మందగిస్తుంది. వంటనూనెలు ఏవైనా కాలం గడిచేకొద్దీ జిగురుగా మారతాయి. డబ్ల్యూడీ-40 తడిని తొలగించడానికి బాగుంటుంది గానీ, నిలకడైన కందెనగా పనికిరాదు. తుపాకుల కోసమే తయారైన చిన్న సీసా ఒకటి కొనుక్కుంటే చాలాకాలం వస్తుంది.

## 8. మళ్లీ కూర్చడం

8.1 స్లైడ్‌ను తలకిందులుగా పట్టుకుని, బ్యారెల్ మూతిని ముందు రంధ్రంలోకి దూర్చి, వెనుక భాగాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టాలి.

8.2 రికాయిల్ స్ప్రింగ్ ముందు కొసను స్లైడ్ ముందున్న చిన్న రంధ్రంలో పెట్టి, వెనుక గుండ్రని అడుగును బ్యారెల్ కింద ఉన్న అర్ధచంద్రాకారపు నొక్కులో ఆనించాలి. ఈ అడుగును జాగ్రత్తగా చూడాలి. స్ప్రింగ్ అడుగు ఆ నొక్కులో కాకుండా పక్క అంచు మీద కూర్చుంటే అది వాలుగా కనబడుతుంది, స్లైడ్ ఎక్కేటప్పుడు ఇరుక్కుంటుంది. పైనుంచి చూసినప్పుడు స్ప్రింగ్ బ్యారెల్‌కు సమాంతరంగా, నిటారుగా ఉండాలి.

8.3 స్లైడ్ గాడులను ఫ్రేమ్ మీద ఉన్న నాలుగు పట్టీలకు సరిగ్గా ఎదురుగా ఉంచి, మెల్లగా వెనక్కి జరపాలి. ముందు పట్టీలు దూరాయి కదా అని నెట్టకుండా, వెనుక పట్టీలు కూడా గాడిలో పడ్డాయో లేదో చూసుకోవాలి.

8.4 స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి వదలాలి. స్లైడ్ లాక్ తనంతట తానే పైకి లేచి పట్టుకుంటుంది, దాని కొసలను ముట్టుకోనక్కర లేదు.

ఎక్కడ బిగుసుకున్నా బలం పెట్టవద్దు. వెనక్కి తీసి, స్ప్రింగ్‌ను చూడండి. పదింట తొమ్మిదిసార్లు లోపం అక్కడే ఉంటుంది.

## 9. పనితీరు పరీక్ష

మ్యాగజైన్ లేకుండా, ఛాంబర్ ఖాళీయేనని మళ్లీ చూసి, మూతిని ఇసుక వైపు ఉంచి చేయాలి. తూటాలు ఇంకా వేరే గదిలోనే ఉండాలి.

1. స్లైడ్ లాగి వదిలాక ట్రిగ్గర్ ముందుకు వచ్చి ఉండాలి.
2. ట్రిగ్గర్ మధ్యలో ఉన్న చిన్న నాలుకను తాకకుండా ట్రిగ్గర్ పక్క అంచులను వెనక్కి నొక్కి చూడాలి. అది వెనక్కి వెళ్లకూడదు.
3. ఇప్పుడు ట్రిగ్గర్‌ను మామూలుగా నొక్కాలి. 'టిక్' మనాలి.
4. ట్రిగ్గర్‌ను నొక్కి పట్టుకునే స్లైడ్‌ను పూర్తిగా లాగి వదలాలి. తరువాత ట్రిగ్గర్‌ను నెమ్మదిగా వదులుతుంటే, సగం దారిలో చిన్న 'క్లిక్' వేలికి తెలియాలి.
5. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లైడ్ లాగితే, స్లైడ్ వెనకే తెరుచుకుని నిలవాలి.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ పిస్టల్‌లో తూటా నింపకూడదు. ఒకసారి విప్పి మళ్లీ కూర్చి చూసి, అప్పటికీ తేడా ఉంటే నిపుణుడికి చూపించాలి.

## 10. పని ముగిశాక

బయటి వైపు వేలిముద్రలు, చెమట తుడిచేందుకు నూనె అంటిన గుడ్డతో స్లైడ్‌ను ఒకసారి రుద్దాలి. వాడిన గుడ్డ ముక్కలను, చేతి తొడుగులను సంచిలో మూతికట్టి పారేయాలి. పరచిన తువ్వాలును ఇంట్లోవారి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. సబ్బుతో చేతులు, ముంజేతులు కడుక్కున్న తరువాతనే పిల్లలను గానీ, తినే వస్తువులను గానీ తాకాలి.

పిస్టల్‌ను తాళం వేసే సేఫ్‌లో, వీలైతే తేమను పీల్చే పొట్లం ఒకటి వేసి పెట్టాలి. తోలు ఒరలో ఉంచి నెలల తరబడి వదిలేస్తే తోలులోని తేమ వల్ల తుప్పు పట్టవచ్చు. కొత్త పిస్టల్‌ను మొదటిసారి పేల్చే ముందు, తరువాత పేల్చిన ప్రతిసారీ, వానలో తడిసినా దుమ్ములో పడినా అదే రోజున ఈ క్రమమంతా చేయాలి. పేల్చకుండా దాచినదాన్ని కూడా నెలకొకసారి తీసి, మూడవ అంచెతో మొదలుపెట్టి, విప్పి చూడాలి.